ఓడ లేని రోజు

సెప్టెంబర్ 6, 1999. సోమవారం

టెస్టుకి గది ఇచ్చారు. కంట్రోల్ రూమ్ వెనక, పాత మాస్కులూ పైపు ముక్కలూ పడేసే స్టోరు గది. కిటికీలోంచి అమోనియా ట్యాంకు సగం కనిపిస్తుంది. జనరల్ మేనేజర్ భీమశంకరరావు గారు స్వయంగా వచ్చి చూశారు. ఏసీ పెట్టిస్తానన్నారు, కంప్యూటర్ కోసం.

నేను అడిగింది ఒక్కటే. ఈ గదిలోంచి కంట్రోల్ రూమ్‌కి గానీ ట్యాంకుకి గానీ ఒక్క తీగ కూడా ఉండకూడదు. 2000 జనవరి ఒకటిన, ట్యాంకుని కనిపెట్టుకుని ఉండే ప్రోగ్రాము ఏడాది చోట రెండు సున్నాలు చూసి తికమకపడుతుందో లేదో తేల్చాలంటే తేదీని ముందుకు తిప్పి చూడాలి. నడుస్తున్న మెషిన్‌లో తిప్పితే, మనిషి ట్యాంకు మీద ఉండగా సైరన్ మూగబోవచ్చు. వేరే రాష్ట్రంలో ఒకచోట అలా చేశారు. నాకు ఆ సంగతి చెప్పినవాడు ఇప్పుడు ఆ ఉద్యోగంలో లేడు.

నా కాంట్రాక్టు మార్చి దాకా. పని బాగుంటే పర్మనెంటు అంటున్నారు. మా ఆవిడ పుష్ప నమ్ముతోంది.

సెప్టెంబర్ 9

కొత్త మెషిన్ వచ్చింది. కంట్రోల్ రూమ్‌లో ఉన్నదీ ఇదీ ఒకే కంపెనీ, ఒకే మోడల్. పక్కపక్కన పెడితే నేను కూడా చెప్పలేను. ముందు వైపు ఎర్ర టేపు అంటించాను.

ప్రోగ్రాము మొత్తం ఫ్లాపీల మీద ఇందులోకి దింపాను. మధ్యలో ఒక ఫ్లాపీ పోయింది. మళ్లీ మొదటి నుంచి.

సెప్టెంబర్ 15

తీగ లేదు కాబట్టి ట్యాంకు నుంచి రీడింగులు రావు. రీడింగులు లేకపోతే ప్రోగ్రాముకి పనే లేదు. అందుకని జూలైలో ఒక రోజు రీడింగులన్నీ రికార్డు చేసి ఉంచుకున్నవి ఇందులో పెట్టాను. అమోనియా తెచ్చే ఓడ రాని రోజు. లీకు లేదు, అలారం లేదు. ట్యాంకు ప్రెషరు మధ్యాహ్నం ఎండకి కొంచెం లేచి సాయంత్రానికి దిగింది. పదకొండు దాటాక కంప్రెసరు ఒకసారి ఆగి మళ్లీ ఎత్తుకుంది. గీతలో అక్కడ చిన్న పన్నులా ఉంటుంది. అంతకు మించి ఏమీ జరగని రోజు.

ఆ రోజే గడియారం ప్రకారం రోజూ తిరుగుతుంది. ఇక్కడ కరెంటు తరచూ పోతుంది కనుక, మెషిన్ లేవగానే రికార్డు దానంతట అదే మొదలయ్యేలా పెట్టాను. తేదీ ఇంకా తిప్పలేదు. ముందు రెండు మెషిన్లూ ఒకేలా నడుస్తున్నాయని తేలాలి.

సెప్టెంబర్ 17

కంట్రోల్ రూమ్ షిఫ్టు ఆపరేటర్ కొండలరావు గది చూడ్డానికి వచ్చాడు. పక్కన అతని బావమరిది పైడయ్య. ట్యాంకు ఎక్కి పైన సేఫ్టీ వాల్వు చూసి వచ్చే మనిషి. ఇద్దరూ ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటారు.

స్క్రీను మీద ఉన్నది జూలై నాటి ట్యాంకు అని చెప్పాను. కొండలరావు కాసేపు చూశాడు.

"అయితే అమోనియా నేకుండానే అమోనియా కంపెనీ నడిపేత్తన్నారన్నమాట. పైడయ్యా, నువ్వు ఈ ట్యాంకు ఎక్కరా బావా. వాసనా ఉండదు, మెట్లూ ఉండవు."

"జీతం కూడా జూలైదే ఇత్తారేటో అడుగు," అన్నాడు పైడయ్య.

సెప్టెంబర్ 28

రెండూ ఒకేలా నడుస్తున్నాయి.

అక్టోబర్ 7

కంట్రోల్ రూమ్‌లో కూర్చున్నాను. వీళ్లు స్క్రీనుని బోర్డు అంటారు. పూర్వం అక్కడ దీపాల బోర్డు ఉండేదట. ట్యాంకులో ప్రెషరు, చల్లదనం, గాలిలో గ్యాసు, మూడూ దాని మీదే. మట్టం ఒక్కటి ట్యాంకు పక్కన గేజి మీద చూస్తారు.

ట్యాంకు కింద గోడకి ఫోను ఉంది. ఎక్కే ముందు పైడయ్య అక్కడి నుంచి అడుగుతాడు: "బావా, బోర్డు ఏటంటంది?" పచ్చగా ఉందంటే మాస్కు లేకుండా ఎక్కుతాడు. రూలు ప్రకారం మాస్కు ఎప్పుడూ ఉండాలి. పెట్టుకుని ఆ మెట్లన్నీ ఎండలో ఎక్కితే ఊపిరాడదు. ఎవరూ పెట్టుకోరు, ఎవరూ అడగరు.

దసరా

సెలవు. పుష్పతో వాళ్ల అక్క ఇంటికి సబ్బవరం. గది తాళం కంట్రోల్ రూమ్‌లో వదిలి రావాలి, అగ్నిమాపక నియమం.

అక్టోబర్ 20

నా మెషిన్‌కి పసుపు, కుంకుమ, బంతిపూల దండ.

ఆయుధ పూజకి నేను ఉండనని వాళ్లకి తెలుసు. నేను లేనని నా మెషిన్‌కి పూజ ఆపలేదు. కొండలరావు చెప్పాడు: దాన్ని కంట్రోల్ రూమ్‌కి మోసుకెళ్లి, బోర్డు మెషిన్ పక్కన ఒకే బల్ల మీద పెట్టారట. ఓడ లేదు కాబట్టి బోర్డు మెషిన్ కూడా కాసేపు ఆపి, రెండింటినీ తడిగుడ్డతో తుడిచి, బొట్లు పెట్టి, ఆగిపోయిన దానికి హారతి ఇవ్వకూడదని రెండూ నడిపించి హారతి ఇచ్చి, గుమ్మడికాయ కొట్టి, మళ్లీ ఎక్కడివి అక్కడ పెట్టారట.

నేను కోప్పడ్డాను. అతను నొచ్చుకున్నాడు.

"పంపులకీ లారీలకీ అన్నిటికీ బొట్టెట్టి, మీ దానికొక్కదానికీ ఎట్టకపోతే ఏం బాగుంటాది సార్? అదీ మన దగ్గరున్నదే గదా."

తడిగుడ్డకి ఎర్ర టేపు ఊడిందట. మళ్లీ అంటించాను సార్, అన్నాడు. టేపు ఉంది. చూశాను.

అక్టోబర్ 21

నా మెషిన్‌లో జూలై రికార్డు లేదు. స్క్రీను నిండా సున్నాలు. మోసుకెళ్లడంలో కుదుపుకి డిస్కు దెబ్బతిని ఉంటుంది. ఫ్లాపీల నుంచి మళ్లీ ఎక్కించాను. మిగతా డిస్కంతా బాగానే ఉంది. రికార్డు ఒక్కటే పోయింది.

అలా జరుగుతుంది.

అక్టోబర్ 25

తేదీ తిప్పాను. డిసెంబర్ ముప్పై ఒకటి నుంచి జనవరి ఒకటికి. ప్రోగ్రాము పడిపోలేదు. భీమశంకరరావు గారు భుజం తట్టారు. ఈ గది సంగతి ఢిల్లీ ఆఫీసుకి రాస్తారట.

అక్టోబర్ 27

కొండలరావు స్వీటు ఇచ్చాడు. పూజ తర్వాత ఒక్క అలారం కూడా రాలేదట. మామూలుగా వారానికి నాలుగైదు వస్తాయి, వట్టివే. "అమ్మోరు సూసుకుంటంది సార్," అన్నాడు.

మంచిదే.

అక్టోబర్ 28

ఒరిస్సా వైపు పెద్ద తుఫాను అంటున్నారు. ఇక్కడ పొద్దుటి నుంచి వాన, ఈదురుగాలి. సూర్యుడు కనబడలేదు. మధ్యాహ్నం టీకి కంట్రోల్ రూమ్‌కి వెళ్తే బోర్డు మీద ప్రెషరు ఎండకి లేచినట్టు మెల్లగా లేస్తోంది.

గీతని వెనక్కి జరిపి చూశాను. పదకొండు దాటాక చిన్న పన్ను.

కంప్రెసర్లు ఆగుతూనే ఉంటాయి. అలాంటి పన్ను ఏ రోజైనా ఉండవచ్చు.

అక్టోబర్ 29

వాన. పన్ను ఉంది. అదే చోట.

అక్టోబర్ 30

కంట్రోల్ రూమ్‌లో ఉన్నది నా మెషిన్. బోర్డు మెషిన్ నా గదిలో ఉంది, ఎర్ర టేపుతో. పూజ తర్వాత తారుమారు చేశారు. ట్యాంకు తీగలన్నీ నా మెషిన్‌కి తగిలించి ఉన్నాయి, అది వాటిని పట్టించుకోకుండా జూలైలో ఒక రోజుని చూపిస్తోంది. దసరా నుంచి ఈ ట్యాంకుని ఎవరూ చూడటం లేదు.

రాసి చూసుకుంటే స్పష్టంగా ఉంది.

సరిచేయడం కష్టం కాదు. రికార్డు ఫైలు పేరు మార్చి మెషిన్‌ని మళ్లీ లేపితే తీగల మీద వచ్చేది చదువుతుంది. కానీ కంట్రోల్ రూమ్ మెషిన్ ఆపాలంటే భీమశంకరరావు గారి సంతకం కావాలి. కారణం రాయాలి. పూజకి ఆపినప్పుడు ఎవరూ సంతకం అడగలేదు.

కారణం ఏమని రాయాలి? గది తాళం నాది. మెషిన్ లేవగానే రికార్డు మొదలయ్యేలా పెట్టిందీ నేనే.

ఓడ నాలుగో తారీకున. అప్పటిదాకా ట్యాంకులో సరుకు కదలదు, ప్రెషరు కదలదు. సమయం ఉంది.

అక్టోబర్ 31. ఆదివారం

చర్చికి వెళ్లలేదు. తలనొప్పి అని పుష్పతో చెప్పాను. సాయంత్రానికి నిజంగానే వచ్చింది.

నవంబర్ 1

భీమశంకరరావు గారి గది దాకా వెళ్లాను. ఫోనులో ఉన్నారు. ఢిల్లీతో మాట్లాడుతున్నారు, మన టెస్టు గది గురించే. కూర్చోమని సైగ చేశారు. కాసేపు కూర్చుని వచ్చేశాను.

రేపు ముందు కొండలరావుకి చెబుతాను. తను నొచ్చుకోకుండా ఎలా చెప్పాలో ఆలోచించాలి.

నవంబర్ 2

ఓడ ముందే వచ్చింది. తుఫానుకి ముందు వరసలో ఉన్న ఓడలు చెదిరిపోయి, బయట లంగరేసి ఉన్న దీనికి జెట్టీ దొరికిందట. నేను వెళ్లేసరికి పైపులోంచి అమోనియా దిగుతోంది. దిగేటప్పుడు ట్యాంకులో ప్రెషరు పెరుగుతుంది. బోర్డు చూసి ఓడవాళ్లని మెల్లగా పంపమంటారు. బోర్డు పచ్చగా ఉంది. కనుక ఎవరూ మెల్లగా పంపమనలేదు.

కొండలరావుకి చెబుదామనే వెళ్లాను. టీ ఇచ్చాడు. ఫోను మోగింది. పైడయ్య. బోర్డు ఏమంటోందని అడిగి ఉంటాడు. కొండలరావు చూసి, ఎక్కమన్నాడు.

పైడయ్య పై మెట్టు మీద ఉండగా సేఫ్టీ వాల్వు ఎగిరి గ్యాసు చిమ్మింది.

కేక వినబడింది. తర్వాత వాసన. కొండలరావు మాస్కు అందుకుని పరుగెత్తాడు. అందరూ పరుగెత్తారు. కంట్రోల్ రూమ్‌లో నేను ఒక్కడినే ఉన్నాను. ఫైలు పేరు మార్చాను. మెషిన్ లేపాను. బోర్డు మొత్తం ఎర్రబడింది, సైరన్ మోగింది.

రెండు నిమిషాల పని.

నవంబర్ 3

పైడయ్య బతికే ఉన్నాడు. కళ్లకి కట్టు, గొంతు కాలింది, మాట్లాడలేడు. చూపు ఎంత వస్తుందో డాక్టరు చెప్పలేదు.

సైరన్ ముందు మోగిందా, మనిషి ముందు పడ్డాడా అని వాచ్‌మన్‌లను అడుగుతున్నారు. ఒకడు ఇది అంటే ఒకడు అది అంటున్నాడు. సైరన్ మోగినమాట నిజమే అని అందరూ ఒప్పుకున్నారు.

నవంబర్ 4

నిన్న, మొన్న రాయనిది ఒకటి ఉంది.

ఫోనులో ఎక్కమని చెప్పబోయే ముందు కొండలరావు నా వైపు తిరిగాడు. రిసీవరు చెవి దగ్గరే ఉంది. నవ్వుతూ అన్నాడు: "ఏటి సార్, మా బావని ఎక్కించీమంటారా?"

నోట్లో టీ ఉంది. తల ఊపాను.

అది అలవాటు. ఎవరైనా నవ్వుతూ అడిగితే తల ఊపుతాం.

నవంబర్ 5

మెషిన్లు రెండూ ఎక్కడివక్కడ మార్చాను. ప్రమాదం తర్వాత పరిశీలన అని రాసిస్తే భీమశంకరరావు గారు వెంటనే సంతకం పెట్టారు. కారణం పూర్తిగా చదవలేదు. చదవలేదనే అనుకుంటున్నాను.

సంతకం పెట్టి కలం మూత పెడుతూ, "మీ గది మెషిన్ గడప దాటలేదు కదా," అన్నారు. అడిగినట్టు లేదు. నేను జవాబు చెప్పే లోపల తర్వాతి కాగితం తీసుకున్నారు.

నవంబర్ 7

దీపావళి. కొండలరావుని సస్పెండు చేశారు. ఎర్ర బోర్డు, సైరన్ పట్టించుకోకుండా మనిషిని ఎక్కించాడని.

నవంబర్ 11

కొండలరావు మా ఇంటికి వచ్చాడు. చెప్పులు వీధిలోనే విడిచాడు. పుష్ప లోపలికి రమ్మన్నా అరుగు మీదే కూర్చున్నాడు. గడ్డం పెరిగింది.

అతని చెల్లెలు పోతమ్మ, పైడయ్య భార్య, ఆస్పత్రిలో మంచం దగ్గరికి రానివ్వడం లేదట. బోర్డు చూడకుండా మొగుణ్ణి ఎక్కించాడని అందరి ముందూ అన్నదట. వీధిలో వాళ్లు అన్నా పడవచ్చు, తోడబుట్టింది అంటే ఎలా పడాలి అన్నాడు. ఉద్యోగం గురించి అతను మాట్లాడింది తక్కువ.

"నాను సూసేను సార్. పచ్చగానే ఉన్నాది. రోజూ సూసినట్టే సూసేను. ఇప్పుడు అందరూ ఎర్రగా ఉన్నాదంటంటే, రాత్రులు పడుకుంటే నాకూ ఎర్రగానే అవుపిత్తంది. మీరున్నారు గదా పక్కన. పచ్చగా ఉన్నాదని ఒక్క ముక్క సెప్పండి. మా సెల్లికి సెప్పుకుంటాను."

నేను తల ఊపిన సంగతి అతను ఎత్తలేదు. పూజ సంగతీ ఎత్తలేదు. ఆ రెండూ అతని మనసులో లేవు.

చూద్దాం, అన్నాను. దండం పెట్టి వెళ్లాడు. ఏం చూద్దామన్నావని పుష్ప అడిగింది.

నవంబర్ 15

కమిటీ. ముగ్గురు, ఇద్దరు బయటివాళ్లు. భీమశంకరరావు గారు గోడ పక్క కుర్చీలో కూర్చున్నారు.

కంట్రోల్ రూమ్‌లో ఉన్న మెషిన్ సరిగా పని చేస్తోందా? చేస్తోంది అన్నాను. నిజం.

సైరన్ మోగిందా? మోగింది. నిజం.

మీ టెస్టు గదికీ కంట్రోల్ రూమ్‌కీ ఏ రకమైన తీగైనా ఉందా? ఒక్క తీగ కూడా లేదు అన్నాను. వాళ్లు వచ్చి గోడలు, కిటికీ, గది కింద కాలువ కూడా చూశారు. లేదు. నిజం. ఇంత శుభ్రంగా విడిగా పెట్టిన గది తాను ఇంతవరకు చూడలేదని ఒకాయన అన్నాడు.

ఫోను వచ్చినప్పుడు మీరు బోర్డు చూశారా?

టీ తాగుతున్నాను, అన్నాను.

అదీ నిజమే. రాసుకున్నారు.

బయట వరండాలో కొండలరావు నిలబడి ఉన్నాడు. నా ముఖం చూసి, "సెప్పేరు గదా సార్," అన్నాడు. ఉన్నదే చెప్పాను అన్నాను. నా చెయ్యి పట్టుకుని కళ్లకి అద్దుకున్నాడు.

నవంబర్ 16

నన్ను పర్మనెంటు చేయమని రాస్తారట. పుష్పకి చెప్పలేదు.

నవంబర్ 18

కొండలరావు ఉద్యోగం పోయింది.

నవంబర్ 21. ఆదివారం

పైడయ్యకి మాట వచ్చిందని తెలిసి ఆస్పత్రికి వెళ్లాను. బత్తాయిలు పట్టుకెళ్లాను. పోతమ్మ స్టూలు జరిపి కూర్చోమంది, మంచినీళ్లు ఇచ్చింది. కంపెనీ నుంచి ఇంతమంది పెద్దవాళ్లలో మీరొక్కరే వచ్చారు బాబూ అంది.

కళ్లకి ఇంకా కట్టు ఉంది. గొంతు గీసినట్టు వస్తోంది. ఎవరని అడిగాడు. చెప్పాను.

"జూలై సారా," అన్నాడు. నవ్వబోయి దగ్గాడు. పోతమ్మ వీపు రాసింది.

దగ్గు ఆగింది. తర్వాత అడిగాడు.

"మీరు పక్కనున్నారంట సార్. ఒకటి సెప్పండి. మా బావ బోర్డు సూసి ఎక్కమన్నాడా, సూడకుండా అన్నాడా? సూసి పొరపాటు పడితే పొరపాటు. సూడకుండా అంటే మరింక నాకు బావ నేడు."

చూసే అన్నాడు, అన్నాను.

"ఎర్రగున్నాదంట గదా."

"పచ్చగానే ఉంది."

పోతమ్మ చెయ్యి అతని వీపు మీద ఆగింది. పైడయ్య తల నా వైపు తిప్పాడు, గొంతు ఎటునుంచి వస్తోందో అటు.

"అయితే బోర్డే తప్పు సూపించిందా?"

అవునన్నాను. పూజ సంగతి చెప్పాను. మెషిన్లు తారుమారైన సంగతి, జూలై సంగతి చెప్పాను. కమిటీలో కంటే తక్కువ మాటల్లో అయిపోయింది. ఆ రెండు వారాల్లో తను ట్యాంకు ఎక్కిన రోజులు పైడయ్య లెక్క వేసుకుంటున్నాడేమో, తెలియదు. పెదవులు కదిలాయి.

"మీకు ఎప్పుడు తెలిసింది సార్?"

ఇది అడుగుతాడని నేను అనుకోలేదు. కమిటీ అడగలేదు. కొండలరావు అడగలేదు.

తేదీ చెప్పాను.

పైడయ్య ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. పోతమ్మ లేచి, నేను తెచ్చిన బత్తాయిల సంచీ తీసి తలుపు బయట పెట్టింది. తలుపు మూయలేదు. నేను వెళ్లేదాకా పట్టుకుని నిలబడింది.

సంచీ తీసుకుని వచ్చేశాను. కొండలరావు ఇల్లు పెందుర్తిలో. ముందు అతనికి చెప్పాలి, తర్వాత భీమశంకరరావు గారికి, తర్వాత కమిటీకి రాసివ్వాలి. పెందుర్తి బస్సు కోసం స్టాపులో కూర్చుని ఇది రాస్తున్నాను.

రెండు బస్సులు వెళ్లిపోయాయి.